ఆ నోటు పుస్తకం మీ అమ్మాయికి తిరిగి ఇచ్చేయండి

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. మ్యూజిక్ వీడియోలు తీయడం నేర్చుకుంటానంటోంది. ఫోన్లో ఒకే పాటను ఆపి ఆపి చూస్తూ నోటు పుస్తకంలో ఏవో గడులు గీస్తుంటే, ఆ పుస్తకం తీసి బీరువాలో పెట్టేశాను. పాటలన్నీ ఒకే మూసలో ఉంటాయి, దీనికో చదువా? బీటెక్ సీఎస్‌ఈ మేలా, కెమెరా, ఎడిటింగ్ నేర్పే విజువల్ కమ్యూనికేషన్ డిగ్రీ మేలా? పైగా ఆడపిల్ల.
– ఒక తండ్రి, గాజువాక, విశాఖపట్నం

జవాబు: మీ అసలు భయం ఆ చివరి రెండు మాటల్లో ఉంది. దానికి వస్తాను. ముందు ఆ గడుల సంగతి.

ఏ షాట్ ఎన్ని సెకన్లుంది, కట్ (ఒక షాట్ నుంచి ఇంకో షాట్‌కు మారడం) తాళంలో ఏ దెబ్బ మీద పడింది అని రాసుకుంటోందేమో చూడండి. ఎడిటింగ్ నేర్చుకునేవాళ్లు చేసే సాధన అది. ఎవరూ చెప్పకుండా మొదలుపెట్టిందంటే నాకు చాలా సంతోషంగా ఉంది.

మూస అన్నారు. ఉంది, నిజమే. ఎందుకుందో తెలుసుకోవడమే ఆ చదువు. మన జానపదం వీడియోలు చూడండి: పొలం గట్టు, లంగా ఓణీలు, వెనక నలుగురైదుగురు అమ్మాయిలు. ఆ పాట రేపు పెళ్లి బరాత్‌లో మోగాలి, జనం ఆ స్టెప్పు వేయాలి. అందుకే కెమెరా దూరంగా నిలబడి కాళ్లతో సహా మనిషంతా కనపడేలా తీస్తుంది. ఎండలో తీస్తే లైట్ల ఖర్చూ తప్పుతుంది. ర్యాప్‌లో పాడేవాడు ఎక్కడివాడన్నదే ముఖ్యం, కాబట్టి సొంత వీధి, వెనక స్నేహితులు, కింద నుంచి పైకి చూసే కెమెరా. విరహగీతానికి ముఖం కావాలి, అందుకే క్లోజప్పులు.

1981లో అమెరికాలో ఎంటీవీ అనే పాటల టీవీ ఛానెల్ మొదలైనప్పుడు వీడియో అంటే రికార్డు అమ్ముకునే ప్రకటన. చూడగానే ఏ రకం పాటో తెలిసిపోవాలి. రెండేళ్లకే, 1983లో, మైకేల్ జాక్సన్ పాట ‘థ్రిల్లర్’ కోసం సినిమా దర్శకుడు జాన్ లాండిస్ హారర్ సినిమా పద్ధతిని పాటలోకి తెచ్చి దాదాపు 14 నిమిషాల వీడియో తీశాడు. కానీ పాప్ పాటకు డాన్స్ ఉండాలన్న పద్ధతిని వదల్లేదు. సమాధుల్లోంచి లేచిన శవాల చేతే డాన్స్ చేయించాడు. మూస తెలిసినవాడికే అది సాధ్యం.

నాకు అనుమానమంతా ఆరు నెలల డైరెక్షన్ డిప్లొమాల మీద. ఫీజు లక్షల్లో ఉంటుంది, చేతికి డ్రోన్ ఇస్తారు (నేవీ ఉన్న ఊళ్లో అనుమతి లేకుండా దాన్ని ఎగరేయకూడదని కూడా చెప్పరు). అలాంటి కోర్సు చేసొచ్చిన ఒక అబ్బాయి నాకు రెండు వీడియోలు చూపించాడు. ఒకటి మెలొడీ, ఒకటి ర్యాప్. రెండింట్లోనూ బీచ్ రోడ్డు మీద అదే బైక్, అదే స్లో మోషన్. ఎందుకు అలా తీశావంటే, ‘ట్రెండ్ సార్’ అన్నాడు. దయచేసి అటు పంపకండి.

ఇక మీరడిగిన పోలిక. సినిమా చదువుకు పేరున్న ప్రభుత్వ సంస్థలు పుణె ఎఫ్‌టీఐఐ, కోల్‌కతా ఎస్‌ఆర్‌ఎఫ్‌టీఐలలో డైరెక్షన్, ఎడిటింగ్ వంటి ప్రధాన పీజీ కోర్సులకు ఏదో ఒక డిగ్రీ కావాలి. అంటే ఇప్పుడు ఏది చేర్పించినా ఆ తలుపు మూసుకుపోదు, టెన్షన్ పడకండి. లెక్కలంటే ఇష్టముంటే బీటెక్ చేయనివ్వండి. లేకపోతే విజువల్ కమ్యూనికేషన్. చేర్చే ముందు కాలేజీకి వెళ్లి ఎడిటింగ్ ల్యాబ్ తాళం తీయించి చూడండి, కెమెరాలు పిల్లల చేతికి ఇస్తారో లేదో సీనియర్లను అడగండి.

ఆడపిల్ల అన్నారు. ఈ రంగంలో ఇబ్బందులు లేవని చెప్పను. ఎవరితో పని, ఎక్కడ షూటింగ్, ఎన్నింటికి ఇంటికొస్తుంది అన్నవి ముందే తెలియాలి, డబ్బు సంగతి కాగితం మీద ఉండాలి. అన్నింటికన్నా, ఎక్కడైనా తేడాగా అనిపిస్తే ఆ నిమిషంలో మీకు ఫోన్ చేయగలగాలి. గడులు గీసినందుకే పుస్తకం లాక్కున్న నాన్నకు ఆ పిల్ల ఏ ధైర్యంతో ఫోన్ చేస్తుంది? గట్టిగానే అంటున్నాను, మీరు చేసింది తప్పు.

ఇవాళే బీరువా తెరవండి. పుస్తకం చేతికిచ్చి, ఏదైనా ఒక పాట సౌండ్ తీసేసి చూపించమనండి. అది ఏ రకం పాటో మీరు చెప్పండి, ఎలా తెలిసిందో తను చెబుతుంది.