ఫోన్‌లోనే బొమ్మలు నేర్పిస్తానంటోంది, కాలేజీ వద్దంటోంది

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. అమ్మాయి ప్లస్ టూ అయింది. ఇన్‌స్టాలో రెండు వేల మంది ఫాలోవర్లున్నారు. వాట్సాప్ గ్రూపులో పన్నెండు మంది పిల్లలకు ఆదివారాలు డ్రాయింగ్ చెబుతోంది. కాలేజీ వద్దట, ఇదే కెరీర్ అట. బీఎఫ్‌ఏ (బొమ్మలు, శిల్పం లాంటి కళల డిగ్రీ) మంచిదా, ఆన్‌లైనా? పోల్చి చెప్పండి.

జవాబు: అమ్మా, ఈ ప్రశ్న నాకు తరచూ వస్తుంది. పైకి అడిగేది కాలేజీ గురించి. లోపలి టెన్షన్ మాత్రం బొమ్మలతో అన్నం దొరుకుతుందా అని. దొరుకుతుంది, కాస్త నిదానంగా.

ముందు నా అనుమానం చెబుతాను. గ్రూపులో బొమ్మ పెట్టగానే 'సూపర్' అంటారు. పెన్సిల్ ఎంత గట్టిగా నొక్కారో, కాగితం అరిగేదాకా ఎక్కడ చెరిపారో ఫొటోలో తెలియదు. ఆరు గంటల పని అర నిమిషం వీడియోలో అయిపోతుంది. అది చూసి, తమ చేతికి బొమ్మ రాదనుకుని మానేసిన పిల్లలు నాకు తెలుసు.

అలాగని గ్రూపు మాన్పించకండి. పూర్తయిన బొమ్మతో పాటు మొదటి గీతలు, చెరిపి మళ్లీ వేసినవి కూడా పిల్లల చేత పెట్టించమనండి. 'బాగుంది' అనే ముందు ఆ బొమ్మలో తాము గమనించిన ఒక్క సంగతైనా రాయాలి.

మీ జిల్లాలోనే సవర గిరిజనుల ఊళ్లున్నాయి. ఎర్రమట్టి గోడ మీద వాళ్లు తెల్లగా వేసే ఇడితాల్ బొమ్మని చాలామంది వార్లీ అనుకుంటారు. వార్లీ మహారాష్ట్రది. అందులో మనిషి ఒళ్లంటే రెండు త్రికోణాలు. ఇడితాల్‌లో మనుషులు పొడుగ్గా ఉంటారు. ముందు అంచు గీసి, లోపలికి నింపుకుంటూ వస్తారు. అది పూర్వీకుల కోసం, దేవతల కోసం వేసే బొమ్మ. అందుకే అమ్మాయి వేసేవాళ్ల దగ్గరే కూర్చుని నేర్చుకోవాలి. వాళ్లు ఒప్పుకుంటేనే ఫొటో తీయాలి, వాళ్ల ఊరూ పేరూ రాసి పెట్టాలి. అలాంటి పాఠం కోసం పిల్లలు ఎక్కడి నుంచైనా వస్తారు.

బడిలో ఆర్ట్ టీచర్ ఉద్యోగానికి గుర్తింపున్న డిగ్రీయో డిప్లొమానో కావాలి. బీఎఫ్‌ఏ నాలుగేళ్లు. గంజాం జిల్లా ఖల్లికోటలో ప్రభుత్వ ఆర్ట్ కాలేజీ ఉంది, ఇటు విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ ఉంది. చదువుకుంటూనే గ్రూపు నడుపుకోవచ్చు.

ఒక మాట గట్టిగానే అంటున్నాను. ఫాలోవర్లు ఎందరో రాశారు గానీ, అమ్మాయి ఏం గీస్తుందో ఒక్క ముక్క రాయలేదు. చుట్టాలకు ఫోన్ చూపించి మురిసిపోయేది మనమే, చదువు పాడైందని తిట్టేదీ మనమే అయితే పిల్ల ఏమైపోవాలి?

పన్నెండు మంది పిల్లలు ఆదివారం పూట ఆట మానుకుని వస్తున్నారంటే, ఆమెకు చెప్పడం వచ్చినట్టే. దిగులు పడకండి. ఈ రాత్రి ఆమె డ్రాయింగ్ పుస్తకం అడిగి తీసుకుని, మొదటి పేజీ నుంచి చూడండి.