మొదటి 5 కిలోమీటర్లు వెనకే ఉండు

అమ్మడూ,

విశాఖ నేవీ మారథాన్‌లో 21 కిలోమీటర్లకి పేరు ఇచ్చేశావని మీ అమ్మ చెప్పింది. "రెండున్నర గంటల్లో పూర్తి చేసేయాలి అత్తా" అని నువ్వు పెట్టిన మెసేజీ కూడా చూశాను. ఫోన్లో చెబితే సగం నువ్వు వినవు, మిగతా సగం నేను మర్చిపోతాను. అందుకే కూర్చుని రాస్తున్నాను.

ముందు ఆ రెండున్నర గంటల సంగతి తేల్చుకుందాం. నువ్వు 10 కిలోమీటర్లు 70 నిమిషాల్లో పరుగెడుతున్నావు. ఆ టైముని రెట్టింపు చేసి ఇంకో పావుగంట కలిపితే హాఫ్ మారథాన్‌కి ఎంత పడుతుందో దాదాపుగా తెలిసిపోతుందని మా రన్నర్ల గ్రూపులో ఒక లెక్క. నీకది 2 గంటల 35 నిమిషాలు. అదైనా రోడ్డు చదునుగా, గాలి చల్లగా ఉంటేనే. బీచ్ రోడ్డులో ఆ రెండూ దొరకవు. కాబట్టి రెండు ముప్పావు అనుకో. మొదటి 5 కిలోమీటర్లు కిలోమీటరుకి 8 నిమిషాల చొప్పున, అక్కణ్ణించి 7 నిమిషాల 45 సెకన్ల చొప్పున వెళ్తే రెండు ముప్పావుకి చేరిపోతావు. చివరి 3 కిలోమీటర్లలో ఓపిక మిగిలితే అప్పుడు నీ ఇష్టం.

నేను గట్టిగా చెప్పాలనుకున్నది ఆ మొదటి 5 కిలోమీటర్ల గురించే. మిగతావి ఎలాగోలా సర్దుకోవచ్చు.

స్టార్ట్ దగ్గర ఎలా ఉంటుందో నీకింకా తెలియదు. చీకట్లో లైట్లు, పాటలు, మైకులో కేకలు, వేలమంది జనం, అందరూ గెంతుతూ ఉంటారు. అప్పటికి రెండు వారాలుగా తక్కువ పరుగెత్తి ఉంటావు కనుక కాళ్ళు కూడా తేలిగ్గా ఉంటాయి. కిలోమీటరుకి ఆరున్నర నిమిషాల్లో వెళ్తున్నా ఏమీ కష్టం అనిపించదు. పక్కన నీకంటే లావుగా ఉన్నావిడ దాటిపోతుంటే పౌరుషం వస్తుంది. రానీ. నువ్వు మాత్రం వాచీ చూసుకుని 8 నిమిషాల దగ్గరే ఉండు. ముందు వరసలో నిలబడాలని తోసుకోవద్దు. ఛాతీ మీద పెట్టుకునే నంబరు కాగితం, అదే బిబ్, దానికి చిప్ ఉంటుంది, స్టార్ట్ దగ్గర పరిచిన మ్యాట్ నువ్వు దాటాకే నీ టైము మొదలవుతుంది. అయిదు నిమిషాలు ఆలస్యంగా దాటినా నీ టైములో ఒక్క సెకను పోదు.

మా గ్రూపులో బ్యాంకులో పనిచేసే ఒకాయన ఉన్నాడు. మంచి రన్నరు, మా అందరికంటే వేగం. ప్రతి రేసులోనూ మొదటి 8 కిలోమీటర్లు గాల్లో తేలిపోతాడు, 16 దగ్గర పిక్కలు పట్టేసి ఫుట్‌పాత్ మీద కూర్చుంటాడు. తర్వాత వాట్సాప్‌లో ఎండ గురించి, రోడ్డు గురించి, నీళ్ళ గురించి పెద్ద మెసేజీ పెడతాడు. అదే గ్రూపులో ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైన పెద్దాయన ఉన్నారు. ఆయన అందరికంటే వెనక నిలబడతారు. ఎందుకండీ అంటే, "అందర్నీ ఎక్కించుకున్నాకే కదమ్మా బండి కదుల్తాది" అంటారు. 15 కిలోమీటర్లు దాటాక ఆయన ఒక్కొక్కళ్ళనే దాటుకుంటూ వస్తుంటే చూడాలి. బ్యాంకాయన్ని ఆయన దాటే చోటు కూడా మాకు దాదాపుగా తెలుసు. మనిషికి వేగం ఎంతుందన్నది కాదు, అది ఎక్కడ ఖర్చు పెడుతున్నాడన్నదే ముఖ్యమని నేను ఆయన్ని చూసే తెలుసుకున్నాను. నీకు నచ్చితే పేసర్ వెనక వెళ్ళొచ్చు. వాళ్ళు టైము రాసిన జెండా పట్టుకుని పరుగెడతారు. రెండున్నర జెండా దగ్గరికి మాత్రం వెళ్ళకు.

బీచ్ రోడ్డు చూడటానికి సముద్రం పక్కన సాఫీగా ఉన్నట్టుంటుంది, కారులో వెళ్తే ఎత్తు తెలియదు. లాసన్స్ బే దాటి తెన్నేటి పార్కు వైపు వెళ్తుంటే రోడ్డు లేస్తుంది, రుషికొండ దాకా ఇలా ఎక్కుతూ దిగుతూనే ఉంటుంది. రూటు మ్యాపు ముందే చూసుకుని ఎక్కేవి ఎక్కడెక్కడో గుర్తుపెట్టుకో. ఎక్కేటప్పుడు వాచీ చూడకు, అడుగులు చిన్నవి చేసి ఊపిరి ఎంత ఆడుతోందో చూసుకో. పక్కవాళ్ళతో ఒక వాక్యం మాట్లాడగలిగితే సరైన వేగంలో ఉన్నట్టు. దిగేటప్పుడు కాళ్ళు బారచాపి దూకొద్దు, మర్నాడు తొడలు నీకు ఆ సంగతి చెబుతాయి. ప్రాక్టీసుకి మీ విజయనగరంలో ఎత్తుబ్రిడ్జి ఉండనే ఉంది. వారానికి ఒకరోజు బాగా తెల్లవారుజామున, బళ్ళు మొదలుకాకముందే, నాలుగైదుసార్లు ఎక్కి దిగు. మిగతా రోజులు అయోధ్యా మైదానమో, కోట చుట్టూ రోడ్డో చాలు.

ఆదివారం లాంగ్ రన్ మాత్రం మానకు. ఇప్పుడు 10 దగ్గరున్నావు. వారానికి కిలోమీటరు, కిలోమీటరున్నర చొప్పున పెంచుకుంటూ, మూడు వారాలు పెంచి నాలుగో వారం కొంచెం తగ్గిస్తూ 17, 18 దాకా రా. రేసుకి ముందు 21 ఎప్పుడూ పరుగెత్తక్కర్లేదు, 18 చేసినవాళ్ళు 21 చేస్తారు. పైడితల్లి సిరిమాను జాతర వారంలో మీ ఊళ్ళో అడుగు తీసి అడుగు వెయ్యలేం, చుట్టాలూ దిగుతారు. ఆ వారాన్నే తగ్గించే వారంగా పెట్టుకో. చివరి రెండు వారాలూ సగానికి తగ్గించేయ్. ఆ రెండు వారాల్లోనే చాలామంది భయంతో ఎక్కువ పరుగెత్తి కాళ్ళు పాడుచేసుకుంటారు.

మన ప్రాంతంలో ఎండ కన్నా ఉక్క ఎక్కువ ఇబ్బంది. చెమట ఆరితేనే ఒళ్ళు చల్లబడుతుంది. సముద్రపు గాలిలో తేమ ఉంటే అది ఆరదు, కారిపోతుందంతే. గుండె మాత్రం వేగం పెంచుకుంటుంది. ఒళ్ళు దీనికి అలవాటు పడటానికి పది పద్నాలుగు రోజులు పడుతుంది, కాబట్టి ఏసీ జిమ్‌లో ట్రెడ్‌మిల్ మీద చేసింది లెక్కలోకి రాదు. ఒక ఆదివారం పరుగుకి ముందూ తర్వాతా బరువు చూసుకో. కిలో తగ్గితే లీటరు చెమట పోయిందని అర్థం. అలాగని పోయినదంతా దారిలోనే తాగెయ్యాలని కాదు. దాహం వేసినప్పుడు రెండు గుక్కలు చాలు. ప్రతి టేబుల్ దగ్గరా గ్లాసుల కొద్దీ ఉత్త నీళ్ళు తాగితే రక్తంలో ఉప్పు పలచబడి వాంతులు, తలనొప్పి, మతి తప్పడం దాకా వెళ్తుంది, అది డీహైడ్రేషన్ కన్నా ప్రమాదం. ఓఆర్ఎస్ ప్యాకెట్ మీద లీటరు అని ఉంటే లీటరు నీళ్ళలోనే కలుపు, చిన్న సీసాలో మొత్తం కొట్టేయకు. తల తిరిగినా, ఉక్కలో ఒళ్ళు జలదరించినా, మాట తడబడినా ఆగిపోయి మెడికల్ వాళ్ళ దగ్గర కూర్చో. ఆ మెడల్ కంటే నువ్వు ఎక్కువ మాకు.

నీళ్ళ టేబుల్ దగ్గర మొదటి టేబుల్ మీద పడొద్దు, అందరూ అక్కడే ఉంటారు. చివరి టేబుల్‌కి వెళ్ళు. తాగడానికి నడవాలనుకుంటే పక్కకి వచ్చి నడువు. రోడ్డు మధ్యలో టక్కున ఆగితే వెనకవాళ్ళు నీ మీదే పడతారు. నీళ్ళిచ్చే పిల్లలు మనకంటే ముందే నిద్రలేచి వచ్చి ఉంటారు, వాళ్ళకో థాంక్స్ చెప్పు.

తిండి దగ్గర ప్రయోగాలొద్దు. మన ఇంట్లో లాంగ్ రన్‌కి ముందు ఏం తిన్నావో అదే రేసు రోజూ. నాకు చోడి అంబలి పడుతుంది, నీకు పడకపోతే రెండు ఇడ్లీలో, అరటిపండు, బెల్లం ముక్కో ఏదో ఒకటి ఇప్పట్నించే చూసుకో. రెండు గంటల ముందు తినేయ్. వైజాగ్ వెళ్ళాం కదా అని ముందురోజు రాత్రి బిర్యానీకి వెళ్ళేవాళ్ళు ఉంటారు, వాళ్ళని మర్నాడు పొద్దున్న టాయిలెట్ క్యూలో కలుస్తాం. ఆ క్యూ ఎలాగూ పెద్దదే, స్టార్ట్‌కి గంట ముందు చేరిపో. బూట్లూ అంతే. బిబ్ ఇచ్చే చోట స్టాళ్ళలో రంగురంగుల బూట్లు డిస్కౌంట్లో పెడతారు. కొనుక్కో, కానీ ఆ ఆదివారం వేసుకోకు. మా గ్రూపులో ఒక టీచరుగారు అలా వేసుకుని 12 దగ్గర చేత్తో పట్టుకుని నడిచారు. కాలు ఉబ్బుతుంది కనుక కాలి వేళ్ళ ముందు చేతి బొటనవేలి వెడల్పంత జాగా ఉండాలి. కొనడానికి సాయంత్రం వెళ్ళు.

ఇక ఆడవాళ్ళ సంగతులు. ఇవి మగవాళ్ళెవరూ నీకు చెప్పరు. లోదుస్తుల అంచులు, చంకలు, తొడలు, అన్నిచోట్లా వ్యాజిలైన్ రాసుకో, లేకపోతే స్నానం చేసేటప్పుడు ఏడుస్తావు. కాటన్ చుడీదార్ చెమటకి బరువెక్కి ఒరుసుకుంటుంది, ఆరిపోయే బట్ట వేసుకో. రేసు తేదీ నెలసరిలో పడేలా ఉంటే మందుల షాపులో అడిగి వాయిదా మాత్రలు వేసేసుకోకు, డాక్టరుని అడగాల్సిందే. దానికన్నా ఆ రోజుల్లో ఒకసారి లాంగ్ రన్ చేసి చూడు, నీకు ఏది సౌకర్యమో తెలుస్తుంది. నొప్పి మాత్ర వేసుకుని పరుగెత్తడం అసలు వద్దు, చెమట పోతున్నప్పుడు అది కిడ్నీల మీద పడుతుంది. అన్నిటికంటే ముందు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించు. మన రాష్ట్రంలో ఆడవాళ్ళలో సగానికి పైగా రక్తహీనతే. 12 కన్నా తక్కువుంటే ఎంత ప్రాక్టీసు చేసినా మెట్లెక్కినట్టు ఆయాసమే. నువ్వేమో అది స్టామినా లేకపోవడం అనుకుంటావు.

చీకట్లో ఒక్కదానివీ వెళ్ళకు. మీ గ్రూపులో ఇంకో ఇద్దరు ఆడవాళ్ళున్నారన్నావు కదా, వాళ్ళ టైముకి నీ టైము సర్దుకో. ఎదురుగా వచ్చే బండి కనిపించేలా రోడ్డుకి కుడివైపు పరుగెత్తు, లేతరంగు బట్టలు వేసుకో. చెవుల్లో పాటలొద్దు. కుక్క వెంటపడితే పరుగు ఆపేసి, దాని కళ్ళలోకి చూడకుండా మెల్లగా నడుచుకుంటూ వెళ్ళు.

"ఏటమ్మా, ఈ వయసులో పరుగులేటి?" అని నన్ను అరసవల్లి రోడ్డులో అడిగేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. నిన్ను "పెళ్ళి కావలసిన పిల్ల" అంటారు. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళ మారథాన్ పెట్టిందే 1984లో, లాస్ ఏంజెలిస్‌లో. ఆడవాళ్ళ ఒళ్ళు అంత దూరానికి తట్టుకోదనేవారు అంతకుముందు. అదే ఒలింపిక్స్‌లో పి.టి. ఉష 400 మీటర్ల హర్డిల్స్‌లో సెకనులో నూరో వంతు తేడాతో కంచు పోగొట్టుకుంది, మా స్కూల్లో ఆడపిల్లలందరం దాని గురించే మాట్లాడుకునేవాళ్ళం. తర్వాత 2000లో సిడ్నీలో వెయిట్‌లిఫ్టింగ్‌లో కంచు తెచ్చిన మల్లీశ్వరిది ఆమదాలవలస పక్కన ఊసవానిపేటే. ఇవేవీ వాళ్ళకి చెప్పక్కర్లేదు, వాదించి గెలిచేదేమీ లేదు. నవ్వి వెళ్ళిపో.

ఫినిష్ దాటగానే కూర్చోకు. పది నిమిషాలు నడువు, వాళ్ళిచ్చేది తిను, తడిబట్టలు మార్చుకో. ఆ సంబరంలో అదే రాత్రి 42 కిలోమీటర్లకి పేరివ్వకు. రెండు వారాలు ఆగి అప్పటికీ కావాలనిపిస్తే నాకు ఫోన్ చెయ్.

విజయనగరం నుంచి 60 కిలోమీటర్లే కదా, అర్ధరాత్రి బయల్దేరతాననుకుంటున్నావేమో, కుదరదు. బిబ్‌లు ముందురోజే ఇస్తారు, ఐడీ కార్డు పట్టుకెళ్ళాలి, నిద్రా కావాలి. ఎంవీపీ కాలనీలో మీ పిన్ని వాళ్ళింట్లో ఉందాం, అక్కణ్ణించి బీచ్ రోడ్డు దగ్గర. నేను 10 కిలోమీటర్లకి పేరిచ్చాను. శనివారం పొద్దున్న ఆమదాలవలసలో ట్రైన్ ఎక్కుతాను, నువ్వు విజయనగరంలో ఎక్కు. మీ నాన్నతో ఈ సంగతి నేనే మాట్లాడతాను, వాడు నా మాట కాదనడు. నీకు టికెట్ తియ్యాలి, నీ ఆధార్ ఫోటో, హిమోగ్లోబిన్ రిపోర్టు రెండూ ఈ వారంలో పంపించు.

మీ అత్త
శ్రీకాకుళం