అధికారం చేతికొస్తే మంచివాళ్లు కూడా మారిపోతారా?

మీకు కొత్తగా సూపర్‌వైజర్ బాధ్యత ఇచ్చారన్నారు. ఉత్తుత్తి జైల్లో గార్డులుగా పెట్టిన మామూలు కుర్రాళ్లు క్రూరంగా మారారని చెప్పుకునే స్టాన్‌ఫర్డ్ జైలు ప్రయోగం గురించి చదివాక, మీరూ అలాగే మారిపోతారేమోనని భయమేస్తోందని రాశారు. ఆ భయం నాకు బాగా తెలుసు. నేను మారాను. అయితే ఆ ప్రయోగం గురించి అందరూ చెప్పుకునే పద్ధతిలో మాత్రం కాదు.

కాల్‌సెంటర్‌లో రెండేళ్లు ఫోన్లు ఎత్తాక నన్ను టీమ్ లీడర్‌ని చేశారు. మొదటి వారం నాలో ఏ మార్పూ లేదు. రెండో వారం మేనేజర్ పిలిచి, "ఇంత మెతకగా ఉంటే ఎలా? టార్గెట్ తప్పితే నష్టపోయేది వాళ్లే. వాళ్ల మంచి కోసమే కాస్త గట్టిగా ఉండు" అన్నారు. ఆ "వాళ్ల మంచి కోసమే" అన్న మాట నాకు ఎక్కేసింది. మర్నాడే ఒక నోట్‌బుక్ కొని, స్కేలు పెట్టి గీతలు గీశాను. పేరు, బాత్రూమ్‌కి వెళ్లిన టైమ్, తిరిగొచ్చిన టైమ్. అది రాయమని నాకెవరూ చెప్పలేదు.

మూడో వారంలో ఒక రోజు, రెండేళ్లు నా పక్క సీట్లో కూర్చున్న స్నేహితురాలు నా టేబుల్ దగ్గరికొచ్చి నిలబడింది. "రెండు నిమిషాల్లో వచ్చేస్తాను మేడమ్" అంది. అంతకుముందు వారం దాకా నన్ను "ఏమే" అని పిలిచిన మనిషి. ఆమె మొహం చూడకముందే నేను గడియారం చూశాను. ఆమె మాత్రం నా చేతిలోని పెన్నునే చూస్తోంది.

ఇక ప్రయోగం సంగతి. 1971 ఆగస్టులో ఫిలిప్ జింబార్డో అనే సైకాలజీ ప్రొఫెసర్ అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ సైకాలజీ భవనం నేలమాళిగలో ఉత్తుత్తి జైలు కట్టారు. రోజుకు 15 డాలర్లిచ్చి 24 మంది కుర్రాళ్లను ఎంపిక చేశారు. ఎవరు ఖైదీ, ఎవరు గార్డు అన్నది లాటరీలా తేల్చారు. రెండు వారాలు అనుకున్నది ఆరు రోజులకే ఆపేయాల్సి వచ్చింది. యూనిఫాం వేస్తే చాలు, మనిషి దానంతటదే క్రూరుడైపోతాడన్న పాఠం అక్కడి నుంచే ప్రచారంలోకి వచ్చింది.

కానీ జింబార్డో లెక్క ప్రకారమే గార్డుల్లో నిజంగా క్రూరంగా ప్రవర్తించినవాళ్లు సుమారు మూడో వంతు. మిగతావాళ్లు ఏమయ్యారన్నదే నాకు అసలు ప్రశ్న. తర్వాత బయటపడ్డ రికార్డింగుల్లో దానికి కొంత జవాబుంది. పక్కకు తప్పుకుంటున్న ఒక గార్డుతో, వార్డెన్‌గా ఉన్న విద్యార్థి, ప్రతి గార్డూ గట్టిగా ఉండాల్సిందేనని నచ్చజెబుతాడు. ఇదంతా జైళ్లను బాగుచేయడానికి పనికొస్తుందనీ అంటాడు. అది చదివినప్పుడు నాకు మా మేనేజర్ గొంతే వినిపించింది. తిట్టలేదు, బెదిరించలేదు, ఒక మంచి కారణం చేతిలో పెట్టారు. అంతే.

అలెక్స్ హాస్లమ్, స్టీఫెన్ రైషర్ అనే ఇద్దరు సైకాలజిస్టులు 2001 డిసెంబరులో బీబీసీతో కలిసి అలాంటి జైలే పెట్టారు. కాకపోతే గార్డులకు ఎలా ఉండాలో ఎవరూ నూరిపోయలేదు. అక్కడ గార్డులు ఒక్కటి కాలేకపోయారు, అధికారం వాడటానికే ఇబ్బంది పడ్డారు. చివరికి ఖైదీలే తిరగబడ్డారు. పాత్ర దానంతటదే మనిషిని మార్చేస్తుందన్న మాట నేను నమ్మకపోవడానికి ఇదొక పెద్ద కారణం.

స్టాన్‌ఫర్డ్‌లో ప్రయోగం ఆగడానికి ముఖ్య కారణం క్రిస్టీనా మాస్లాక్ అనే యువ సైకాలజిస్టు. ఖైదీల తలలకు సంచులు తొడిగి, కాళ్లకు గొలుసులతో వరసగా బాత్రూమ్‌కి తీసుకెళ్తుంటే ఆమె చూశారు. ఇది ఘోరమని జింబార్డో మొహం మీదే చెప్పారు. జైలు సూపరింటెండెంట్ పాత్ర స్వయంగా ఆయనే వేయడంతో, రోజూ కళ్లముందు జరుగుతున్నది ఆయనకు కనపడలేదు. ఆమె బయటి నుంచి వచ్చారు కాబట్టి కనపడింది.

నా విషయంలో ఆ పని నైట్ షిఫ్ట్ టీమ్ లీడర్ చేశారు. నా నోట్‌బుక్ తిరగేసి, "ఇది ఎవరు రాయమన్నారు?" అని అడిగారు. చెప్పడానికి నా దగ్గర ఒక్క పేరు కూడా లేదు. ఆ రోజే చింపేశాను.

కాబట్టి మీరు చేయగలిగినది ఒకటుంది. మీ కింద పనిచేయని, మీకు పైనా లేని మనిషిని ఒకరిని చూసుకోండి. నెలకోసారి మీరు పెట్టిన రూల్స్ అన్నీ వాళ్లకు చూపించండి. "టీమ్ మంచి కోసమే" అని మీరు వివరించాల్సి వచ్చిన రూల్ దగ్గర ఆగి, టీమ్‌నే అడగండి. త్వరగా మొదలుపెట్టండి. నేను మూడు వారాలే ఆ పుస్తకం రాశాను. నా స్నేహితురాలు నన్ను మళ్లీ "ఏమే" అనడానికి నాలుగు నెలలు పట్టింది.