బూట్ల సంగతి రాయి

అమ్మాయీ,

ఇజ్రాయెల్ హాస్యం మీద నువ్వు హైఫా నుంచి పంపిన వ్యాసం అందింది. "నిత్యం తుపాకుల నీడలో బతికే జాతికి నవ్వే ఆయుధం" అన్న వాక్యం దగ్గర ఒళ్ళు మండి కాగితాలు పక్కన పడేశాను. ముందు అది కొట్టెయ్.

అక్కడ పద్దెనిమిదేళ్ళు నిండిన యూదు పిల్లలు, ఆడా మగా, సైన్యంలో చేరాలి. చేరినవాళ్ళంతా సరిహద్దులో నిలబడరు. ఎంతోమందికి దక్కేది ఫైళ్ళు, వంటశాల, స్టోర్లు, పైవాడి అరుపులు. నవ్వు పుట్టేది ఆ విసుగులోంచే. 2014లో తల్యా లవీ తీసిన 'జీరో మోటివేషన్' సినిమా ఊసే ఎత్తలేదేం? ఆమె కూడా సైన్యంలో సెక్రటరీగా చేసింది. ఎడారి బేస్‌లో ఒక ఆఫీసు. ఒకమ్మాయి పని కాగితాలు మెషీన్లో వేసి ముక్కలు చేయడం. ఇంకొకతె కంప్యూటర్లో మైన్‌స్వీపర్ ఆట ఆడుతూ కూర్చుంటుంది. ఆ స్నేహితురాళ్ళిద్దరూ చివరికి స్టేప్లర్లతో కొట్టుకుంటారు!

'గివత్ హల్ఫోన్' సినిమా గురించి బాగానే రాశావు గానీ, అది వచ్చిన కాలాన్ని వదిలేశావు. ఈజిప్టు, సిరియాలతో జరిగిన 1973 యుద్ధం గాయం ఇంకా పచ్చిగా ఉండగానే, 1976లో, సినాయ్ ఎడారిలోని రిజర్వు సైనికుల, అంటే సేవ ముగిశాక మళ్ళీ పిలిపించినవాళ్ళ, అవకతవకల్ని చూపించి జనాన్ని నవ్వించింది. తీసిన అస్సీ దయాన్, ఆ యుద్ధంనాటి రక్షణమంత్రి మోషే దయాన్ కొడుకు. ఒక్క ఈ సంగతి మీదే రెండు పేజీలు రాయొచ్చు.

ఈ హాస్యానికి బయట ఉండిపోయేవాళ్ళ మాటేమిటి? అరబ్ పౌరుల్లో ఎక్కువమందికి సైనిక సేవ లేదు. హరేదీలకు, అంటే మతనిష్ఠలో కరుడుగట్టిన యూదులకు, దశాబ్దాలపాటు మినహాయింపు. 2024లో సుప్రీంకోర్టు వాళ్ళనీ చేర్చుకోమంది.

మన పత్రికలకి సైన్యమంటే శవపేటికో, పతకమో. నేను సైన్యంలో స్టోర్స్ గుమాస్తాగా చేసి వచ్చినవాణ్ణి. కార్గిల్ యుద్ధమైన కొత్తల్లో, దుప్పట్ల లెక్క తేలక ఏడ్చిన హవల్దారు కథ రాశాను. "జవాను చావాలి, లేదా గెలవాలి" అని రాసి తిప్పి పంపాడొక సంపాదకుడు. ఆ కథ ఇప్పటికీ అచ్చు కాలేదు. నువ్వూ ఆ దారినే పోతుంటే నాకు కోపం రాదా?

పుస్తకం, ముందుమాట అన్నావు. అవి తర్వాత.

నువ్వు చూసుకుంటున్న పెద్దాయనకి రిజర్వు డ్యూటీలో రెండూ ఎడమకాలి బూట్లే ఇచ్చారని ఒక్క ముక్కలో చెప్పి వదిలేశావు. అసలు వ్యాసం అక్కడుంది. కుడికాలివి ఎవరికి పోయాయి, స్టోర్లో వాడేమన్నాడు, ఈయన ఎన్నాళ్ళు అలాగే నడిచాడు, అన్నీ అడిగి రాసి పంపు.

ఆశీస్సులతో,
బాబాయి