రైల్వే యూనియన్ ఎలక్షన్లో నిలబడతాండే మా అల్లుడికి

అల్లుడూ,

నువ్వు బ్రాంచ్ సెక్రటరీకి నిలబడతాండావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది, నాతో చెప్పిచ్చి నిన్ను ఆపాలని ఆమె ప్లాను, నేనైతే ఆపను, నిలబడు. కాకపోతే గేట్ మీటింగ్‌లో నువ్వు మాట్లాడిన వీడియో చూసినా, 74లో రైల్వే సమ్మె నడిపిన సోషలిస్టు లీడర్ జార్జ్ ఫెర్నాండెజ్ మాదిరి చెయ్యి పైకెత్తి ఒకటే అరుపు, గొంతు బాగుండాదిలే గానీ ఏం అడిగినావో నాకు రెండుసార్లు చూసినా అర్థం కాలేదప్పా.

జార్జ్‌ని తక్కువ చేసే మాట కాదు ఇది. 1974 మే 8న రైల్వే సమ్మె మొదలైనప్పుడు నేను గుంతకల్లులో కొత్తగా చేరిన ఖలాసీని, అంటే హెల్పర్ని, మన డివిజన్ అప్పటికి ఇంకా సదరన్ రైల్వేలోనే ఉండాది. బోనస్ కావాల, ఇంజన్ నడిపే లోకో రన్నింగ్ వాళ్లకు 8 గంటల డ్యూటీ కావాల అని దేశం మొత్తం మీద 17 లక్షల మంది అంటారు, పని ఆపేసినారు. సమ్మె మొదలు కాకముందే జార్జ్‌ని లోపలేసినారు, తర్వాత వేల మందిని అరెస్టు చేసినారు, ఉద్యోగాలు పీకినారు, పెళ్లాం బిడ్డలతో సహా క్వార్టర్లు ఖాళీ చేయించినారు. 20 రోజులకు విత్‌డ్రా. ఆ రోజు చేతికొచ్చింది ఏమీ లేదు. నువ్వు దసరాకు 78 రోజుల బోనస్ తీసుకుంటావే, అది రైల్వేలో మొదలైంది 1979-80 నుంచి, అంటే అడిగినాక ఐదేండ్లకు. కాబట్టి సమ్మె అనే మాట మైకులో అనేముందు మనోళ్లు ఎన్ని నెలలు జీతం లేకుండా ఇల్లు నడపగలరో ఒక్కొక్కరినీ అడిగి రాసుకో.

నేను చెప్పాలనుకునేది ఇంకో సోషలిస్టు గురించి, మధు దండవతే. మీ షెడ్‌లో ఈ పేరు చెప్తే ఎవురూ తల తిప్పి కూడా చూడరేమో. అహ్మద్‌నగర్‌లో పుట్టినాడు, బొంబాయి సిద్ధార్థ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాడు, క్విట్ ఇండియాలో, గోవా సత్యాగ్రహంలో ఉన్న మనిషి, 1971 నుంచి మహారాష్ట్ర సముద్రం పక్కన కొంకణ్‌లో రాజాపూర్ ఎంపీ. ఎమర్జెన్సీ పెట్టినప్పుడు వాజ్‌పేయి, అద్వానీతో పాటు బెంగుళూరులో పట్టుకున్నారు, ఆయన బెంగుళూరు జైల్లో, భార్య ప్రమీల పూనా ఎరవాడ జైల్లో, ఇద్దరికీ మధ్య ఉత్తరాలే. అట్లాంటోడు 1977లో రైల్వే మంత్రి అయినాడు.

అయ్యి ఏం చేసినాడో చూడు. 74 సమ్మెలో ఉద్యోగాలు పోయినోళ్లను మళ్లీ పనిలోకి తీసుకున్నాడు. ఇంగ రెండోది, నాకు అన్నిటికన్నా నచ్చింది, సెకండ్ క్లాస్ స్లీపర్ బెర్తులకు రెండు అంగుళాల ఫోమ్ వేయించినాడు. నువ్వు పుట్టేసరికే మెత్తటి బెర్తు వచ్చేసింది, నీకు తెలీదు. అంతకుముందు ఉత్త చెక్క పలకలు, బొంబాయి మెయిల్‌లో పోతే పలకల సందులు వీపు మీద గీతలు గీతలుగా అచ్చు పడేవి, మనోళ్లు ఇంట్లోనుంచి జంపఖానా చుట్టి మోసుకపోయేది అందుకే, ముసలోళ్లయితే పడుకోలేక రాత్రంతా కిటికీ కాడ కూర్చునే వాళ్లు. ఫస్ట్ క్లాస్‌లో పోయేవానికి ఈ బాధ తెల్లే తెలీదు, మరి మంత్రులు పోయేది దాంట్లోనే కదా. ఆ ఏడాది డిసెంబర్‌లోనే బొంబాయి హౌరా మధ్య గీతాంజలి ఎక్స్‌ప్రెస్ వేసినాడు, దాంట్లో ఫస్ట్ క్లాసే లేదు, అందరికీ ఒకటే క్లాసు.

నువ్వు కూడా అట్లాంటిది ఒకటి పట్టుకో అంటాండా. నీ పాంప్లెట్‌లో పన్నెండు డిమాండ్లు ఉండాయి, ఓపీఎస్, అదే పాత పెన్షన్, దాని నుంచి ప్రైవేటీకరణ దాకా, మంచివే, కానీ వాటిల్లో బ్రాంచ్ సెక్రటరీ చేతిలో ఉండేది ఒక్కటీ లేదు. రైలు నడిపేటోళ్లు డ్యూటీ దిగి పడుకునే రన్నింగ్ రూమ్‌లో తెల్లారుజామున డ్యూటీ దిగి వచ్చినోనికి వేడి అన్నం దొరుకుతాందా, పరుపు కింద ఇనుప పట్టీ తగలకుండా నిద్ర పడతాందా, పగలు పడుకుంటే కిటికీకి తెర ఉందా, ఇవి రాయి ముందు. ఇది చిన్న పని, లీడర్ అనిపించుకోలేము అని నీకు అనిపిస్తాది. అనిపించనీ.

ఇంకొకటి, ఆఫీసర్ ముందు కూర్చున్నప్పుడు కోపంతో పోవద్దు, కాగితంతో పో. దండవతే పార్లమెంటులో లేచినాడంటే అంకెలు చేతిలో పెట్టుకోనే లేచేవాడు, ఫిజిక్స్ మేష్టరు కదా మరి. రోస్టర్‌లో, అంటే డ్యూటీ గంటల పట్టీలో, ఎంత రాసినారు, నిజంగా ఎన్ని గంటలు పని జరిగింది, ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూపిస్తే అవతలోడు ఎంత గట్టోడైనా కాసేపు ఆలోచిస్తాడు.

ఇంత చేస్తే ఓట్లు పడతాయా అని అడుగుతావు. గ్యారంటీ లేదప్పా. 1989లో వీపీ సింగ్ గవర్నమెంటులో జార్జ్ రైల్వే మంత్రి, దండవతే ఆర్థిక మంత్రి, వాళ్లిద్దరూ ఉన్నప్పుడే 1990లో కొంకణ్ రైల్వే కార్పొరేషన్ పెట్టి పనులు మొదలుపెట్టినారు. 1991లో అదే కొంకణ్‌లో, అదే రాజాపూర్‌లో, ఐదుసార్లు గెలిపిచ్చిన జనం ఆయన్ని ఓడగొట్టినారు. లైను మొత్తం పూర్తయ్యి రైళ్లు తిరిగింది 1998లో. జార్జేమో తర్వాత రక్షణ మంత్రి దాకా పోయినాడు, బీజేపీతో చేయి కలిపినాడు, దాని మీద నాకూ మీ నాయనకూ ఇప్పటికీ వాదనే, అది ఇప్పుడు వద్దులే.

నామినేషన్ ముందు ఒక రెస్ట్ రోజు చూసుకోని గుంతకల్లుకు రా. మూడు నెలల రోస్టర్ జెరాక్స్‌లు, రన్నింగ్ రూమ్ కంప్లైంట్ బుక్ ఫోటోలు తెచ్చుకో, పాంప్లెట్ ఇంకా ప్రింట్‌కి ఇయ్యద్దు.

మీ మామ