ఒక్క బాణీ వెంట వెళ్లు: యువ రచయితకు లేఖ

హైదరాబాద్

తమ్ముడూ,

స్టార్ వార్స్ సంగీతం మీద, ఆ సినిమాల కోసం ఆర్టిస్టులు వేసిన బొమ్మల మీద నువ్వు రాసి పంపిన వ్యాసం చదివాను. నువ్వు చెప్పిన సీన్లన్నీ మళ్లీ పెట్టుకుని చూశాను కూడా. ఆ సినిమాలంటే నీకు ప్రాణమని మొదటి పేరాలోనే తెలిసిపోతోంది. ఆ ఇష్టం ఏమాత్రం తగ్గకుండా వ్యాసం ఇంకా ఎలా బలపడుతుందో చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

నీ వ్యాసంలో తొమ్మిది సినిమాలూ ఉన్నాయి. ప్రతి సినిమాకీ ఒక పేరా, ప్రతి పేరాలో ఒక 'అద్భుతం', ఒక 'ఒళ్లు గగుర్పొడిచింది', ఒక 'నెక్స్ట్ లెవెల్'. ఇవి నీ మనసు ఎలా ఉందో చెప్పే మాటలు, సంగీతం ఎలా ఉందో చెప్పవు. నీకు బాగా నచ్చిందని చదివేవాళ్లకు తెలుస్తుంది, ఏం నచ్చిందో మాత్రం అర్థం కాదు. అన్నీ చెప్పేయాలన్న తాపత్రయం ముందు వదిలెయ్. ఒక్క బాణీ పట్టుకో. అది ఎక్కడ పుట్టింది, ఎక్కడెక్కడ వేషం మార్చింది, చివరికి ఎక్కడ ఆగింది... దాని వెంటే వెళ్లు. బొమ్మల విషయంలోనూ అంతే, ఒక్క బొమ్మ చాలు.

ఆ కథలో విలన్ డార్త్ వేడర్ బాణీనే తీసుకుందాం. 1977లో వచ్చిన మొదటి సినిమాలో వేడర్ ఆ తెల్లటి అంతరిక్ష ఓడ లోపలికి అడుగు పెట్టగానే ఇంపీరియల్ మార్చ్ మోగుతుందని రాశావు. మోగదు. అసలు ఆ సినిమాలో ఆ బాణీయే లేదు. ఈ సినిమాల సంగీత దర్శకుడు జాన్ విలియమ్స్ దాన్ని 1980 నాటి 'ది ఎంపైర్ స్ట్రైక్స్ బ్యాక్' కోసం కట్టాడు. నీలాగే చాలామంది అభిమానులు దాన్ని మొదటి సినిమాలోనే విన్నామనుకుంటారు. ఆ మనిషికీ ఆ బాణీకీ అంత జత కుదిరింది కాబట్టి మన జ్ఞాపకమే వెనక్కి వెళ్లి అక్కడ అతికించేసుకుంది. ఆ వాక్యాన్ని కొట్టేసి ఊరుకోకు. ఈ సంగతే రాయి. మూడేళ్ల తర్వాత వచ్చిన సంగీతం అంతకు ముందటి సీన్‌ను కూడా మన మనసులో మార్చేసిందంటే, దానికన్నా పెద్ద మెచ్చుకోలు ఏముంటుంది?

ఇప్పుడు ఆ బాణీని నోటితో పాడి చూడు. పాశ్చాత్య స్వరం 'జి'ని షడ్జమం అనుకుంటే మొదట మూడుసార్లు అదే స్వరం: స, స, స. తర్వాత కింద మంద్రంలో శుద్ధ ధైవతం, వెంటనే పైన సాధారణ గాంధారం, మళ్లీ స. అంతే. స స స, ద గ స, ద గ స. మొదటి మూడు స్వరాలూ ఒకే ఎత్తులో, ఒకే బరువుతో పడతాయి, కవాతులో బూట్ల చప్పుడు లాగా. ఆ తర్వాత కిందికి దిగి, పైకెగిరి, వచ్చిన చోటికే వచ్చి నిలబడుతుంది. పక్కకు తిరిగి చూడని మనిషి నడక అది. 'భయంకరమైన సంగీతం' అని రాసేకన్నా ఈ నాలుగు మాటలు రాస్తే, ఆ సినిమా చూడని మనిషి కూడా ఒకసారి పాడుకుని చూస్తాడు.

అక్కడ ఆగకు. 1983లో 'రిటర్న్ ఆఫ్ ది జెడై' చివర్లో కొడుకు ల్యూక్ కళ్లముందు వేడర్ చనిపోయే సీన్ పెట్టుకో. మొహాన ముసుగు తీసేశారు, లోపల ఒక పాలిపోయిన ముసలివాడు. అక్కడ కూడా వినిపించేది అదే బాణీ. ఇత్తడి బూరల గర్జన లేదు, డ్రమ్ములు లేవు. సన్నగా, నెమ్మదిగా, ఊపిరి అందనట్టుగా వస్తుంది, చివరి స్వరాలు హార్ప్ తీగల మీద ఒక్కొక్కటిగా రాలతాయి. మూడేళ్లు మనల్ని భయపెట్టిన స్వరాలే అక్కడ జాలి పుట్టిస్తాయి. తర్వాత 1999లో 'ది ఫాంటమ్ మెనేస్' వచ్చింది. అందులో వేడర్ ఇంకా చిన్న పిల్లవాడు, పేరు అనకిన్. వాడికి విలియమ్స్ ఎంతో అమాయకంగా, లాలిపాటకు దగ్గరగా ఉండే బాణీ ఇచ్చాడు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చివరిదాకా విను. ముగిసే ముందు ఆ మార్చ్ స్వరాలు మెల్లగా తొంగి చూస్తాయి. పిల్లవాడికి తెలియని భవిష్యత్తు సంగీతానికి ముందే తెలుసు. నీ వ్యాసానికి ఈ ఒక్క ప్రయాణం చాలు. ఇందులోకి రాని సినిమాల పేరాలు తీసేసినా నష్టం లేదు.

పాత్రకో బాణీ కట్టడం మనకు కొత్తేం కాదని నువ్వు రాసింది నిజమే. కూచిపూడి భాగవతుల దగ్గర ప్రతి పాత్రకూ ప్రవేశ దరువు ఉంటుంది. తెర వెనక నుంచి సత్యభామ వచ్చేటప్పుడు తానెవరో పాటలోనే చెప్పుకుంటుంది. కానీ పోలిక చెప్పి వదిలేశావు, తేడా కూడా చెప్పాలి. ప్రవేశ దరువు పాత్రను పరిచయం చేస్తుంది. విలియమ్స్ బాణీ పాత్రతోపాటు పెరుగుతుంది, చితికిపోతుంది, చస్తుంది. పాటలతోనే నడిచే పాశ్చాత్య నాటకం ఒపేరాలో ఈ పద్ధతిని విస్తారంగా వాడినవాడు జర్మనీకి చెందిన వాగ్నర్. పోలిక దగ్గర మొదలుపెట్టి తేడా దాకా వెళ్తే మన పాఠకుడికి రెండు కళలూ అర్థమవుతాయి.

నీ వ్యాసంలో నాకు బాగా నచ్చిన చోటు చెప్తాను. రెండు సూర్యుళ్లు అస్తమిస్తుంటే ల్యూక్ ఇసుకలో నిలబడి చూసే సీన్ గురించి రాస్తూ, మౌలాలీలో మీ డాబా మీద నిలబడి వెళ్లే రైళ్లను లెక్కపెట్టేవాణ్ణని ఒక్క వాక్యం రాశావు. అంతే, ఏ విశేషణమూ లేదు. ఆ సీన్ బిగువంతా ఆ వాక్యంలోకి వచ్చింది. ఆ సీన్లో మాటల్లేవు. ఇంకో సీజన్ పొలం పనికి ఉండిపొమ్మని వాణ్ణి పెంచిన అంకుల్ అన్నాడు, వాడు అన్నం దగ్గర నుంచి లేచి బయటికొచ్చాడు. ముందు ఫ్రెంచ్ హార్న్ ఒంటరిగా మొదలవుతుంది, తర్వాత వయొలిన్లన్నీ దాన్ని అందుకుని పైకెత్తుతాయి. వాడు కదలడు, వాడి బదులు సంగీతం బయల్దేరుతుంది. ఊరు దాటాలని ఒక్కసారైనా అనుకున్న ఎవరికైనా ఆ హార్న్ ఏమంటోందో చెప్పక్కర్లేదు. నీ రైళ్ల వాక్యం పక్కన ఈ రెండు వాద్యాల సంగతీ చేర్చు.

ఇంకో ప్రశ్న నువ్వు ముట్టుకోలేదు. అంతరిక్షం కథకు వందేళ్ల కిందటి పద్ధతిలో సింఫనీ ఎందుకు? దర్శకుడు జార్జ్ లూకాస్‌కు విలియమ్స్ పేరు చెప్పింది స్పీల్‌బర్గ్. ఆయన తీసిన 1975 నాటి 'జాస్'కు సంగీతం విలియమ్స్‌దే. తెర మీద కనిపించేదంతా కొత్త కాబట్టి, చెవికి వినిపించేది మనసుకు తెలిసినట్టుండాలన్నది వాళ్ల ఆలోచన. ఎప్పుడూ చూడని గ్రహాలు, వింత జీవులు, మాట్లాడే యంత్రాలు. వీటి మధ్య ప్రేక్షకుడికి చేయి పట్టుకుని నడిపించే పరిచయస్థుడు కావాలి. 1977 మార్చిలో లండన్ దగ్గరి డెనమ్‌లో లండన్ సింఫనీ ఆర్కెస్ట్రా దాన్ని వాయించింది. ఆస్కార్ వచ్చింది, 2005లో అమెరికన్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ గొప్ప సినిమా సంగీతాల జాబితాలో దానికి మొదటి స్థానం ఇచ్చింది. ఈ అవార్డులకు నువ్వు పెద్ద పేరానే కేటాయించావు, ఒక్క వాక్యం చాలు.

హోల్‌స్ట్ ఆర్కెస్ట్రా కోసం రాసిన 'ది ప్లానెట్స్' పోలికలు ఇందులో ఉన్నాయని, కోర్న్‌గోల్డ్ హాలీవుడ్‌లో కట్టిన పాత సినిమా బాణీ ఛాయలున్నాయని ఎవరైనా అంటే కోప్పడకు. ఉన్నాయి. నువ్వే ముందు చెప్పు, రెండూ వినిపించు, ఆ తర్వాత విలియమ్స్ దాన్ని ఎక్కడికి తీసుకెళ్లాడో చూపించు. ఇష్టపడేవాడు నిజం దాచాల్సిన పనిలేదు.

అలాగే 1999 సినిమాలోని 'డ్యుయెల్ ఆఫ్ ది ఫేట్స్' గురించి. బృందగానంలో సంస్కృతం ఉందని రాసి, మన భాష గొప్పతనమని చంకలు గుద్దుకున్నావు. అసలు సంగతి అంతకన్నా అందంగా ఉంది. వేల్స్ దేశపు పాత కవితలో చెట్ల యుద్ధం గురించిన పాదాలు తీసుకుని సంస్కృతంలోకి మార్పించారు. విలియమ్స్‌కు కావలసింది ఆ అక్షరాల ధ్వని, గొంతు నిండా పలికే అచ్చులు. పాటకు తగ్గట్టు అక్షరాలను విరిచి వాడుకున్నాడు కాబట్టి శ్లోకంలా అర్థం వెతికితే దొరకదు. తెలుగు చెవికి ఆ అక్షరాలు ఎలా తగులుతాయో నువ్వు రాయగలవు. లండన్‌లో కూర్చుని రాసేవాళ్లకు అది కుదరదు.

ఇక బొమ్మలు. ఇక్కడ నీ వ్యాసం పల్చబడింది. 'విజువల్స్ సూపర్' అని మూడుచోట్ల ఉంది, బొమ్మ వేసిన మనిషి పేరు ఒక్కచోటా లేదు. రాల్ఫ్ మెక్వారీ పేరు నీకు తెలుసని నాకు తెలుసు, మనం మాట్లాడుకున్నాం. మరి ఎందుకు రాయలేదు? ఆయన ముందు బోయింగ్ విమానాల కంపెనీలో టెక్నికల్ బొమ్మలు వేశాడు, తర్వాత అపోలో యాత్రల వార్తల కోసం సీబీఎస్ టీవీకి యానిమేషన్ చేశాడు. యంత్రం లోపల ఏముంటుందో తెలిసిన చెయ్యి అది. 1975లో లూకాస్ ఆయన చేత కొన్ని సీన్లు పెయింటింగులుగా వేయించి స్టూడియోవాళ్లకు చూపించాడు. కాగితం మీద కథ అంతుబట్టనివాళ్లకు ఆ బొమ్మలు చూశాక నమ్మకం కుదిరింది.

వేడర్ ముసుగు ఎలా వచ్చిందో చూడు. నల్లటి బట్టలు, సమురాయ్ తరహా శిరస్త్రాణం, ఇవి లూకాస్ చెప్పినవి. కథ ప్రకారం వేడర్ ఒక ఓడలోంచి ఇంకో ఓడలోకి శూన్యం దాటి వస్తాడు. మరి ఊపిరి ఎలా ఆడుతుంది? ఈ డౌట్ మెక్వారీకి వచ్చింది. అందుకని మొహానికి శ్వాస యంత్రం తగిలించాడు. ముసుగు వచ్చింది కాబట్టి దానికి శబ్దం కావాల్సి వచ్చింది, సినిమాకు శబ్దాలు సమకూర్చిన బెన్ బర్ట్ నీటి అడుగున ఈదేవాళ్లు వాడే శ్వాస పరికరంలోంచి ఆ ఊపిరి రికార్డు చేశాడు. బొమ్మ వేసేవాడి చిన్న సందేహం వల్ల ఒక మొహం, ఆ మొహం వల్ల ఒక ఊపిరి. ఆ ఊపిరి పక్కన నిలబడగల బాణీని విలియమ్స్ కట్టాడు. నీ వ్యాసంలో సంగీతం ఒక భాగం, బొమ్మలు ఇంకో భాగంగా విడివిడిగా పడి ఉన్నాయి కదా, వాటిని కలిపే దారం ఇదే.

పోస్టర్ల మీద కూడా ఒక పేరా ఉండాలి. నాకైతే 1978 నాటి పోస్టర్ అంటే ఎంతో ఇష్టం. డ్రూ స్ట్రూజన్ మనుషుల్ని వేశాడు, చార్ల్స్ వైట్ యంత్రాల్ని వేశాడు. తీరా పేర్లు వేయడానికి చోటు సరిపోలేదు. అప్పుడు ఆ పోస్టరునే చెక్క గోడ మీద అంటించిన, అంచులు చిరిగిన పాత పోస్టర్ లాగా వేసి, చుట్టూ మిగిలిన గోడ మీద పేర్లకు చోటు చేశారు. ఇబ్బందిలోంచి పుట్టిన అందం. ఆ చిరుగులు చూసినప్పుడల్లా పాత ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ గోడలు గుర్తొస్తాయి నాకు, ఒక సినిమా మీద ఇంకో సినిమా అంటించి ఉండేవి.

నువ్వు హైదరాబాద్‌లో ఉన్నావు, ఆ అవకాశం వాడుకో. ఫ్లెక్సీలు రాకముందు థియేటర్ల ముందు బ్యానర్లు, కటౌట్లు చేత్తో వేసిన ఆర్టిస్టులు ఈ ఊళ్లో ఇంకా ఉన్నారు. ఒకరిని వెతికి పట్టుకుని కాసేపు కూర్చో. చిన్న ఫొటో మీద గళ్లు గీసి, అవే గళ్లు పెద్ద గుడ్డ మీద గీసి, గడి గడికీ మొహాన్ని ఎలా పెంచేవాళ్లో అడుగు. కిందనుంచి చూసే జనానికి కన్ను సరిగ్గా కనిపించాలంటే దగ్గర్లో ఎలా వేయాలో అడుగు. తర్వాత స్ట్రూజన్ ఒక్కడే వేసిన పోస్టర్ ముందుకు వెళ్లు. ఎయిర్‌బ్రష్ ఎక్కడ వాడాడో, వెలుగు కోసం రంగు పెన్సిల్ ఎక్కడ గీశాడో నీ కంటికే దొరుకుతుంది. మన పబ్లిసిటీ ఆర్టిస్టు ఈశ్వర్ 'సినిమా పోస్టర్' అని పుస్తకమే రాశాడు, అది కూడా చదువు. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత ఆర్ట్ పుస్తకాలు కనిపిస్తే వదలకు.

వాళ్ల పోస్టర్‌ను పొగడటానికి మన పోస్టర్‌ను చిన్నబుచ్చే రెండు వాక్యాలున్నాయి. అవి తీసెయ్. ఒక చేతిపనిని ఇష్టపడటానికి ఇంకో చేతిపనిని తొక్కాల్సిన పనిలేదు. ఆ కథలో యోధుల వర్గాలైన 'జెడై', 'సిత్' లాంటి మాటలు మొదటిసారి వచ్చినప్పుడు అర్ధవాక్యంలో ఎవరో చెప్పెయ్. మీ అమ్మగారు చదివినా ఎక్కడా ఆగకూడదు.

తిరగరాసే ముందు ఒక పని చెయ్యి. తెర చూడకుండా సంగీతం ఒక్కటే విను. మియాపూర్ నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రోలో కూర్చుంటే దాదాపు గంట దొరుకుతుంది. బాణీ మారినచోటల్లా ఏ వాద్యం వచ్చిందో ఫోన్లో రాసుకో. పేరు తెలియకపోతే 'లావు బూర', 'సన్న పిల్లనగ్రోవి' అని రాసుకున్నా చాలు, పేర్లు తర్వాత చూసుకోవచ్చు.

ముందు వేడర్ ముసుగు భాగం రాసి పంపు, అది నీకు త్వరగా కుదురుతుంది. మార్చ్ ప్రయాణం భాగానికి తొందరేం లేదు. స్వరాల దగ్గర ఎక్కడైనా డౌట్ వస్తే టెన్షన్ పడకు, పాడి వాయిస్ మెసేజ్ పెట్టు. హార్మోనియం దగ్గర పెట్టుకుని చూసి చెప్తాను.

ప్రేమతో,
అన్న