ప్లేటు పొద్దున్నే పెట్టు

చిన్నీ,

ఫ్లూకొనజోల్ అనే ఫంగస్ మందు తగిలితే క్యాండిడా ఆల్బికాన్స్ అనే ఈస్ట్ పెరుగుదల, రూపం ఎలా మారతాయో చూడబోతున్నావని మీ అమ్మ ఫోన్ చేసింది. ఈస్ట్ పేరు పలకలేక అవస్థపడింది కానీ, గొంతులో మురిపెం దాగలేదు. నాకు మాత్రం గుండె ఝల్లుమంది.

చేతి తొడుగులు, మందు కలపని కంట్రోల్ గురించి నీకు చెప్పక్కర్లేదు. ఆంఫోటెరిసిన్ బి అనే ఇంకో ఫంగస్ మందు కూడా వాడితే సీసాకు రేకు చుట్టు, దానికి వెలుతురు పడదు.

1999లో నేను ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో ఉండేదాన్ని. ఒక పెద్దాయన రక్తంలో ఈ ఈస్టే దొరికింది. చిన్నచిన్న గుంటలున్న ప్లేటులో దాన్ని ఫ్లూకొనజోల్‌తో కలిపి పెట్టిన మర్నాడు మందున్న గుంటలు దాదాపు తేటగా కనిపించాయి. చూశాను, రాసుకోలేదు. 48 గంటలకు అన్నిటిలోనూ ఈస్ట్ పెరిగిన పల్చటి మబ్బు. మందుకు లొంగడం లేదని రిపోర్టు ఇచ్చేశాను. డాక్టర్లు ఆంఫోటెరిసిన్ ఎక్కించారు. కొద్ది రోజుల్లోనే ఆయన మూత్రపిండాలు మొరాయించాయి.

మా మేడం తిట్టలేదు. ఆ మబ్బులోంచి ఒక చుక్క తీసి మైక్రోస్కోపు కింద పెట్టి, చూడమంది. లావెక్కిన కణాలు, తల్లి కణాన్ని వదలని పిల్ల మొగ్గలు. ఫ్లూకొనజోల్ ఈ ఈస్ట్‌ను చంపదే, అణచిపెడుతుంది! కణం పొరకు కావలసిన ఎర్గోస్టెరాల్‌ను తయారుకానివ్వదు. కంట్రోల్‌తో పోలిస్తే పెరుగుదల సగానికి పడిపోయిందా అని చూడాలి గానీ, నేను తేటనీళ్ళ కోసం చూశాను. పెద్దాయన కోలుకుని వెళ్తూ మా అందరికీ జామకాయలు పంచారు. నాది నేను తినలేకపోయాను.

తల్లి, మొగ్గ, ఆ మొగ్గకు మొగ్గ విడిపోకుండా అతుక్కుపోయిన ముద్దలకు 2014లో ట్రైమెరా అని పేరు పెట్టారు. వాటి సంతతిలో క్రోమోజోముల లెక్క తప్పుతుందట. మందును తట్టుకునేవి అక్కడినుంచీ పుట్టుకురావచ్చు. యంత్రం చెప్పే మసక అంకెలో ఇదేదీ కనిపించదు. స్లైడు చెయ్యి, బొమ్మ గీసుకో. బద్ధకించావో, ఊరుకోను.

ప్లేటు పొద్దున పదింటికి పెట్టు. రాత్రి ఎనిమిదింటికి పెడితే 24 గంటల లెక్క మళ్ళీ రాత్రి ఎనిమిదింటికే పడుతుంది. ఆ చీకటి దారిలో హాస్టల్‌కు ఒక్కదానివే నడుస్తావని తలుచుకుంటేనే నాకు నిద్రపట్టదు. అన్నం వేళకు తిను తల్లీ.

మొదటి స్లైడు ఫొటో నాకు పంపు. బాగా పెరిగిన గుంటది వద్దు, పల్చటి మబ్బున్నదే పంపు.

నీ
పెద్దమ్మ